8 కోర్ల డీఎస్పీలో షేర్డ్ బఫర్ వాడేవాళ్ళకి ఒక చిట్కా

టీఐ (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్) సీ6678 లాంటి 8 కోర్ల డీఎస్పీ (సిగ్నల్ ప్రాసెసింగ్ చిప్) మీద పనిచేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, అందులో ఒక్కో కోర్ క్యాష్‌లో (దగ్గరి వేగమైన మెమరీలో) ఉన్న కాపీ మిగతా కోర్లతో సరిపోలేలా హార్డ్‌వేర్ చూసుకోదు, మనమే చూసుకోవాలి. ఒక కోర్ డీడీఆర్‌లో (చిప్ బయటి మెమరీలో) బఫర్ (కోర్లు పంచుకునే డేటా భాగం) రాశాక రైట్‌బ్యాక్ చేసి (క్యాష్‌లోది మెమరీకి పంపి), అది పూర్తయ్యాకే రెండో కోర్‌కి ఇంటరప్ట్ (సంకేతం) పంపాలి, ఆ రెండోది చదివే ముందు ఇన్వాలిడేట్ చేయాలి (తన క్యాష్‌లోని కాపీని కొట్టేయాలి), లేకపోతే పాత డేటానే కనిపిస్తుంది, అదీ ఎప్పుడో ఒకసారి మాత్రమే, పట్టుకోవడం నరకం. ఇంకా ముఖ్యం, బఫర్‌ని 128 బైట్లకి అలైన్ చేసి (128 గుణిజమైన అడ్రస్ దగ్గర మొదలుపెట్టి) సైజు కూడా 128 గుణిజంలోనే పెట్టండి, ఎల్2 క్యాష్ లైన్ (క్యాష్ ఒకేసారి తెచ్చుకునే ముక్క) అంతే కదా. అదే లైన్‌లో పక్కన వేరే వేరియబుల్ ఉంటే ఇన్వాలిడేట్‌తో దాని కొత్త విలువ కూడా ఎగిరిపోతుంది. షేర్డ్ ఎంఎస్ఎంసీ మెమరీలో (చిప్ లోపలే అన్ని కోర్లూ పంచుకునేది) పెట్టినా ఎల్1డీకి (కోర్‌కి అతి దగ్గరి డేటా క్యాష్‌కి) ఇదే రూల్, అక్కడ లైన్ 64 బైట్లు.