ముక్కుతో గాలి, 3వ పాఠం: ఒక మచ్చ చిన్నదైతే ఏమైంది?

ముక్కు కింద స్టీలు పళ్లెం పెట్టి ఊపిరి వదిలి, పడిన ఆవిరి మచ్చలు చూడమన్నాను పోయిన పాఠంలో. మెడికల్ షాపుకెళ్లి ముక్కు దిబ్బడకు వేసుకునే చుక్కల మందు తెచ్చుకోమనలేదు. "సార్, కుడివైపు మచ్చ సగమే పడింది, లోపల ఎముక వంకరేమో" అని టెన్షన్ పడ్డవాళ్లే ఎక్కువ. అందుకే ఈసారి ఊపిరితిత్తుల సంగతి తర్వాత, ముందు ముక్కు.

మచ్చలు సమానంగా పడకపోవడమే మామూలు. ముక్కు లోపల పక్కగోడలకు ఒక్కోవైపు మూడేసి మడతలుంటాయి, టర్బినేట్లు అంటారు. వాటిలో రక్తం నిండితే ఆ వైపు దారి ఇరుకవుతుంది, రెండోవైపు వదులవుతుంది. కొన్ని గంటలకు వంతు మారుతుంది. 1895లోనే కైజర్ అనే జర్మన్ వైద్యుడు ఈ సంగతి రాశాడు. చుక్కల మందు ఆ రక్తనాళాలను ముడిచేస్తుంది. రోజుల తరబడి వేసుకుని ఆపితే ముక్కు మునుపటికన్నా బిగుసుకుంటుంది. ఎప్పుడు చూసినా ఒకేవైపు మూసుకుని ఉంటే మాత్రం ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

అసలు మచ్చే పడలేదన్నవాళ్లు పళ్లెం కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. మన హైదరాబాద్ మే ఎండల్లో వేడెక్కిన పళ్లెం మీద ఆవిరి నిలవదు.

ఇక నాకు ఒళ్లు మండే విషయం, బుస్సుమని పీల్చడం. పొద్దున కేబీఆర్ పార్కు చుట్టూ నడిస్తే మనిషి కనబడకముందే ఆ చప్పుడు వినబడుతుంది. ముక్కు దారిలో అన్నిటికన్నా ఇరుకు చోటు ఎక్కడో లోతున లేదు, రంధ్రం దాటగానే ఉంది. గట్టిగా లాగితే అక్కడ ఒత్తిడి తగ్గి, మెత్తటి పక్కగోడ లోపలికి వంగుతుంది. పల్చటి స్ట్రాతో ఫాలూదా లాగితే స్ట్రా అతుక్కుపోతుంది చూడండి, అదే ఇక్కడా. బలం పెరుగుతుంది, గాలి పెరగదు. అద్దం ముందు నిలబడి బుస్సుమనండి, ముక్కుపుటాలు నొక్కుకోవడం కనిపిస్తుంది. అవి కదలనంత నిదానంగా పీల్చడమే ఈ పాఠం. గట్టిగా ఎగబీల్చడం వాసనకు పనికొస్తుంది. వాసన పట్టే చోటు ముక్కు పైకప్పులో ఉంది, మామూలు శ్వాసలో అక్కడికి చేరే గాలి కొంచెమే. బిర్యానీ మూత తీసినప్పుడు మీ ఇష్టం.

తర్వాతి దారి మీకు తెలిసిందే: గొంతు, స్వరపేటిక, శ్వాసనాళం, అక్కడి నుంచి దాదాపు 23 సార్లు చీలి వాయుగోణులు, అంటే ఊపిరితిత్తుల్లోని బుల్లి గాలి సంచులు. పీల్చే అర లీటరులో సుమారు 150 మిల్లీలీటర్లు దారిలోనే ఉండిపోయి రక్తానికి అందకుండా వెనక్కొస్తాయి. చిన్న చిన్న ఊపిరులు దండగ అనేది అందుకే. ఉబ్బసానికి చేపతో మింగించే చేప మందు గురించి అడిగినవారికి: మింగిన చేప అన్నవాహికలోకి పోతుంది, ఈ దారిలోకి రాదు.

అభ్యాసం: 3 రోజులు, మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పళ్లెం పెట్టి ఏ మచ్చ పెద్దదో రాయండి. చివరి రోజు కుడివైపు తిరిగి 20 నిమిషాలు పడుకుని మళ్లీ చూడండి. జలుబు ఉన్నవాళ్లు తగ్గాకే మొదలుపెట్టండి.