కాలేజీ బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళే పద్ధతి: ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారి మాట

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన నాలాంటివాళ్ళకి మూడో వారంలో ఒక జబ్బు పట్టుకుంటుంది. పొద్దున్నే నడక అయిపోతుంది, కాఫీ అయిపోతుంది, ఇంట్లోవాళ్ళు లాప్‌టాప్‌లు ముందేసుకుని తలుపులు వేసుకుంటారు. కారు తోలడం మనకి రాదు. బయట నరమానవుడు కనపడడు. ఈ జబ్బుకి నాకు దొరికిన మందు కాలేజీ బేస్‌బాల్.

హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరైనవాణ్ణి. జోనల్ పోటీల్లో అంపైరింగ్ చేసి రెండు వైపులా తిట్లు తిన్నవాణ్ణి. అయినా మొదటి మ్యాచ్‌లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా ఆవిడయితే నాలుగో ఇన్నింగ్స్‌లో, "ఏమండీ, ఇంతసేపట్నించీ వాళ్ళు ఏం చేస్తున్నారండీ?" అంది. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూనే నేను దీంట్లో పడ్డాను. మా అబ్బాయి ఉండేది టెక్సస్‌లో కాలేజ్ స్టేషన్ అనే ఊళ్ళో కాబట్టి నేను చెప్పేదంతా అక్కడి టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ళ స్టేడియం, ఓల్సెన్ ఫీల్డ్ సంగతి. మీ పిల్లలుండే చోట ఇంకో యూనివర్సిటీ ఉంటే పేర్లు మార్చుకోండి, పద్ధతి ఇంచుమించు ఇదే.

మామూలు సీజను ఫిబ్రవరి మధ్యలో మొదలై మే నెల దాకా సాగుతుంది. అంటే చలి తగ్గాక వద్దామనుకునేవాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. వారాంతంలో ఒకే జట్టుతో శుక్ర, శని, ఆదివారాలు మూడు మ్యాచ్‌లు ఆడతారు. ఇవి కాక వారం మధ్యలో, ఎక్కువగా మంగళవారం సాయంత్రం, ఒకటి ఉంటుంది. జట్టులో అందరికంటే గట్టి పిచ్చర్ని, అంటే మన బౌలరులా బంతి వేసేవాణ్ణి, సాధారణంగా శుక్రవారానికి అట్టే పెడతారు. ఆట ఎరిగినవాళ్ళు శుక్రవారమే గొప్ప అంటారు, నిజమే. కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళని నేను మంగళవారమే వెళ్ళమంటాను. జనం పలచగా ఉంటారు, సీట్లు తేలిగ్గా దొరుకుతాయి, కొత్త కుర్రాళ్ళని దింపి చూస్తుంటారు కాబట్టి తప్పులు ఎక్కువ జరుగుతాయి. తప్పులు జరిగినప్పుడే రూల్సు బోధపడతాయి. బళ్ళో నేర్పినన్నాళ్ళూ నేను చూసింది ఇదే.

టికెట్టు ఫోన్‌లోకి వస్తుంది. దాన్ని ఇంట్లోనే తెరిచి పెట్టుకోండి. గేటు దగ్గర పాస్‌వర్డ్ గుర్తు రాక, వెనక క్యూ అంతా చూస్తుండగా అబ్బాయికి ఫోన్ చేసిన అనుభవం నాకుంది. రెండోది సంచి. లోపలున్నది బయటికి కనపడే ప్లాస్టిక్ సంచీ అయితేనే రానిస్తారు. 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు దాటకూడదు. మా ఆవిడ ఎక్కడికెళ్ళినా భుజాన వేసుకునే గుడ్డ సంచి ఆ రోజు తిరిగి కారెక్కింది. అందులో పులిహోర డబ్బా ఉంది. బయటి తిండి మామూలుగా లోపలికి రానివ్వరు, అందుకని కడుపు నింపుకునే బయల్దేరండి. మందులు వేసుకోవాల్సినవాళ్ళు వాటి సంగతి ముందుగానే స్టేడియం సైటులో చూసుకోవడం మంచిది.

టోపీ తప్పనిసరి. తెల్ల చొక్కా వేసుకున్నా ఫర్వాలేదు గానీ ఆ ఊళ్ళో మెరూన్ రంగు వేసుకుంటే దారిన పోయేవాళ్ళు కూడా "హౌడీ" అని పలకరిస్తారు. ఎదురు జట్టు రంగు మాత్రం పొరపాటున కూడా వద్దు. ముఖ్యంగా ఆస్టిన్ వాళ్ళ, అంటే అక్కడి యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ వాళ్ళ, ముదురు నారింజ. ఈ రెండు యూనివర్సిటీల గొడవ పాతదే, అయితే 2024లో మరీ ముదిరింది. ఆ జూన్‌లో మా జట్టు ఒమాహా ఊళ్ళో జరిగే కాలేజీల జాతీయ పోటీ, కాలేజ్ వరల్డ్ సిరీస్ ఫైనల్ దాకా వెళ్ళి, మొదటి మ్యాచ్ 9-5తో గెలిచి, తర్వాత రెండూ ఓడింది. ఆఖరిది 6-5. ఒక్క పరుగు! ఆ మర్నాడే మా కోచ్ ఆస్టిన్ వాళ్ళ జట్టుకి వెళ్ళిపోతున్నాడని కబురొచ్చింది. నేను అప్పుడు ఇక్కడ లేను గానీ, ఇప్పటికీ స్టాండ్స్‌లో ఆ మాట ఎత్తితే మొహాలు మారిపోతాయి.

సీటు ఎక్కడ తీసుకోవాలంటే, బ్యాటరు నిలబడే హోమ్ ప్లేటుకి వెనక, కాస్త పైన. టీవీలో బౌలరు వెనకనించి చూడ్డం మనకి అలవాటు. ఇక్కడ హోమ్ ప్లేటు వెనకనించి చూస్తేనే బంతి ఎటు వంపు తిరిగిందో తెలుస్తుంది. వల కూడా ఉంటుంది, భయం లేదు. వల లేని చోట కూర్చుంటే మాత్రం ఫోను జేబులో పెట్టేయండి. కొట్టినప్పుడు పక్కకి పోయే ఫౌల్ బంతులు జనంలోకి వచ్చి పడుతుంటాయి. బేస్‌బాల్ బంతి క్రికెట్ బంతి కంటే పది పదిహేను గ్రాములు తేలికే. ఆ లెక్క చూసుకునే, డ్రిల్లు మాస్టార్ని కదా అని నేను వట్టి చేత్తో అందుకోబోయాను. వారం రోజులు వేలికి గుడ్డ చుట్టుకుని తిరిగాను. అల్యూమినియం బెంచీ అయితే ఒక తువ్వాలు పట్టుకెళ్ళండి. ఫిబ్రవరిలో చల్లగా, మే నెలలో పెనంలా ఉంటుంది.

ఇక ఆట. క్రికెట్ ఎరిగినవాళ్ళకి కష్టమేం కాదు, మూడు నాలుగు అలవాట్లు మానుకోవాలంతే. పిచ్చరు నిలబడే చోటునుంచి హోమ్ ప్లేటుకి 60 అడుగుల 6 అంగుళాలు. మన వికెట్ల మధ్య దూరం 66 అడుగులు. అంటే ఇంచుమించు అదే దూరం, కాకపోతే బంతి నేలని తాకకుండా వస్తుంది. ప్రతిదీ ఫుల్ టాసే. ప్లేటు వెడల్పు 17 అంగుళాలు, దాని మీదుగా మోకాలికీ గుండెకీ మధ్య వెళితే స్ట్రైక్. కొట్టబోయి తప్పినా స్ట్రైకే. మూడైతే అవుట్. స్ట్రైక్ కానిదాన్ని కొట్టకుండా వదిలేస్తే బాల్ అంటారు, నాలుగైతే బ్యాటరు తీరిగ్గా మొదటి బేస్‌కి, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి, నడిచిపోతాడు. కొట్టిన బంతి ముందున్న రెండు తెల్ల గీతల మధ్యే పడాలి. మన లేట్ కట్టూ, గ్లాన్సూ ఇక్కడ దండగ. గీత బయటపడితే ఫౌల్, అదీ స్ట్రైకే, కానీ మూడో స్ట్రైక్ కింద మామూలుగా లెక్కకి రాదు. అందుకే ఒక్కో బ్యాటరు ఎనిమిది తొమ్మిది బంతులు ఫౌల్ కొడుతూ పిచ్చర్ని అలవగొట్టేస్తాడు. చూడ్డానికి ఏమీ జరగనట్టుంటుంది, నిజానికి ఆట నడిచేదే అక్కడ.

క్రికెట్‌లో బ్లాక్ చేసి నిలబడొచ్చు. ఇక్కడ బంతి గీతల మధ్య పడిందా, పరిగెత్తక తప్పదు. ఒక బేస్ చేరితే పరుగు కాదు. నాలుగూ చుట్టి హోమ్ ప్లేటు తాకితేనే ఒకటి. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు బ్యాటింగ్. అలా తొమ్మిది ఇన్నింగ్స్. డ్రా మాట మామూలుగా ఉండదు, సమానమైతే తేలేదాకా ఆడతారు. మా జట్టుండే ఎస్ఈసీ (సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అనే యూనివర్సిటీల లీగు) మ్యాచ్‌ల్లో ఏడు ఇన్నింగ్స్ అయ్యాక పది పరుగుల తేడా ఉంటే అక్కడితో ఆపేస్తారు. మూడు గంటల పని అనుకుని వెళ్ళండి.

చెవి కూడా పెట్టండి. పెద్ద లీగుల్లో కొయ్య బ్యాట్లు, కాలేజీల్లో లోహపు బ్యాట్లు ఎక్కువ. బంతి బ్యాటు నడిమధ్యన తగిలితే గుడి గంట కొసన కొట్టినట్టు టింగుమంటుంది. పిడి దగ్గర తగిలితే తగరం డబ్బా మోత. నెలరోజులు వెళ్ళేసరికి మా ఆవిడ తల ఎత్తకుండానే "పోయింది" అనో "పట్టేస్తాడు" అనో చెప్పేస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. నేను చెప్పినవన్నీ మర్చిపోయినా ఇదొక్కటి చేయండి: పెన్సిలు, కాగితం పట్టుకెళ్ళి స్కోరు రాయండి. నాకు ఇది నేర్పింది పక్క సీట్లో కూర్చున్న ఒక పెద్దాయన. నా ఈడే ఉంటుంది. ఒళ్ళో అట్ట, అట్ట మీద గళ్ళ కాగితం, చెవి మీద పెన్సిలు. ఆయన రాసుకునే అంకెల్ని చాలాసేపు దొంగచూపులు చూశాను. షార్ట్‌స్టాప్ చొక్కా మీద ఇంకేదో నంబరుంటే ఈయన 6 అని రాస్తాడేమిటని ఆగలేక అడిగేశాను. నవ్వి, కాగితం మూల చిన్న మైదానం గీసి చూపించాడు. చొక్కా నంబరు కాదు, నిలబడే చోటు నంబరు. పిచ్చరు 1, బ్యాటరు వెనక బంతి పట్టే క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, రెండుకీ మూడుకీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, వెనక ఎడమ, నడుమ, కుడి వరసగా 7, 8, 9. ఈ తొమ్మిదీ నోటికొస్తే చాలు.

ప్రతి బ్యాటరుకి ఒక గడి. గడిలో చిన్న డైమండు, నాలుగు బేస్‌లూ కలిపితే వచ్చే ఆకారం. వాడు ఎంతవరకు పరిగెత్తాడో అంతవరకు గీత గీస్తారు. హోమ్ ప్లేటుకి చేరితే డైమండు మొత్తం పెన్సిలుతో నింపేస్తారు. స్ట్రైకులకి అవుటైతే ఇంగ్లీషు 'కె' అక్షరం. ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే 'కె'ని అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తారు. ఎంత ముద్దొచ్చిందో నాకు ఆ ఏర్పాటు! బిక్కమొహం వేసుకుని వెనక్కి నడిచే కుర్రాడు ఆ తిరగబడ్డ అక్షరంలో కనపడతాడు.

ఆ రోజే జరిగింది చూడండి. మొదటి బేస్ మీద ఒకడున్నాడు. బ్యాటరు బంతిని నేలబారుగా కొట్టాడు. షార్ట్‌స్టాప్ వంగి అందుకుని, లేవకుండానే రెండో బేస్ వాడికి అరచేత్తో నెట్టినట్టు విసిరాడు. వాడు రన్నరు చేరకముందే బేస్‌ని కాలితో తాకి (అలా తాకితే రన్నరు అవుట్), మీదికొస్తున్న వాణ్ణి తప్పించుకుని గాల్లోనే తిరిగి మొదటి బేస్‌కి కొట్టాడు. కన్ను మూసి తెరిచేలోగా ఇద్దరు అవుట్. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. పెద్దాయన నింపాదిగా మూడు అంకెలు రాశాడు: 6-4-3. ఆ పరుగూ, ఆ తిరుగుడూ, ఆ విసురూ మూడు అంకెల్లో అణిగిపోయాయి. మర్నాడే మనవరాలి లెక్కల నోటుబుక్కు అడిగి తెచ్చుకున్నాను. "తాతా, హోమ్‌వర్కా?" అని అడిగింది. ఔనన్నాను.

ఓల్సెన్ ఫీల్డ్‌లో జనాన్ని చూడ్డం కూడా ఒక ఆటే. ఎదురు జట్టు పిచ్చరు నాలుగు బాల్స్ వేసి మన బ్యాటర్ని బేస్‌కి పంపాడా, తర్వాతి బ్యాటరుకి వేసిన మొదటి బాల్‌కి జనమంతా ఒక్క గొంతుతో "బాల్ ఫైవ్" అంటారు. ఇంకోటి వేస్తే "బాల్ సిక్స్". స్ట్రైక్ పడేదాకా లెక్క ఆగదు. పాపం ఆ కుర్రాడి చెవులు ఎర్రబడటం నేను చూశాను. ఎంత మాస్టారునైనా నేనూ అరుస్తాను. మన జట్టు పరుగు చేస్తే స్టాండ్స్‌లో సబ్బు బుడగలు ఊదుతారు, పిల్లలే కాదు, మీసాలవాళ్ళు కూడా. పక్కనే రైలు పట్టాలు. గూడ్సు బండి వెళ్తుంటే కూత ఆటలో కలిసిపోతుంది. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి ఒళ్ళు విరుచుకుంటారు. మోకాళ్ళకి అదే అదను, లేవండి.

తిండి సంగతి క్లుప్తంగా. హాట్‌డాగ్‌లో గొడ్డు మాంసమో పంది మాంసమో ఉండటం మామూలు, తినని వాళ్ళు అడిగి మరీ కొనండి. శాకాహారులకి పాప్‌కార్న్, వేరుశనగలు, ఐస్‌క్రీమ్.

వానాకాలం కాదు కదా అనుకోవద్దు, టెక్సస్ వసంతంలో ఉరుములు ఎక్కువ. దగ్గర్లో మెరిస్తే ఆట ఆపి అందరినీ లోపలికి పంపేస్తారు. ఆఖరి మెరుపు నుంచి 30 నిమిషాలు గడవాలి. ఇరవై తొమ్మిదో నిమిషంలో ఇంకోటి మెరిస్తే మళ్ళీ మొదటినుంచి లెక్క. కారు తోలే పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే పార్కింగ్‌లో మీకోసం కూర్చుని విసుక్కుంటారు.

ఇంకొక్కటి. బుడగల సీసా మీరూ కొనుక్కుంటే మూత గట్టిగా బిగించి, స్కోరు పుస్తకానికి దూరంగా పెట్టండి. మా ఆవిడ ఉత్సాహంలో కింద పెట్టిన సీసా ఒరిగి, మొన్న శనివారం మూడో ఇన్నింగ్స్ మొత్తం అలుక్కుపోయింది. డైమండు నిండి ఉంది, పరుగు వచ్చిన మాట నిజం. ఎలా వచ్చిందో మాత్రం నాకూ గుర్తు లేదు, ఆవిడకీ గుర్తు లేదు.