మాంటిల్ ప్రవాహం చదవడం – 4వ భాగం: చీలిన ఎస్‌కేఎస్ తరంగం

మాంటిల్, అంటే భూమి పైపొట్టుకూ కేంద్రానికీ మధ్య ఉన్న రాతి భాగం, ఎటు పారుతోందో భూకంప తరంగాలతో కనిపెట్టడమే మన పని. కిందటి భాగంలో స్టేషన్ దగ్గర నేల ఊపుకు తీసిన ఉత్తర, తూర్పు రికార్డులను తిప్పి రేడియల్ (భూకంపం నుంచి స్టేషన్‌కు వచ్చే గీత వెంట), ట్రాన్స్‌వర్స్ (దానికి అడ్డంగా)గా మార్చుకున్నాం కదా. అది ఇంకా చేతికి పట్టుబడకపోతే ఇక్కడే ఆగి మళ్లీ ఒకసారి చేయండి, ఎందుకంటే ఇవాళ్టి లెక్కంతా దాని మీదే నిలబడుతుంది.

ముందు భూకంప తరంగాల్లో ఎస్‌కేఎస్ అనేదాన్నే ఎందుకు పట్టుకుంటామో చూద్దాం. ఎస్ అంటే దారికి అడ్డంగా ఊపే తరంగం, పి అంటే దారి వెంటే ముందుకూ వెనక్కూ నెట్టే తరంగం. భూకంపం దగ్గర ఎస్‌గా బయలుదేరిన ఈ తరంగం, ద్రవంగా ఉన్న బాహ్య కేంద్రంలో ఎస్ నడవదు కాబట్టి అక్కడ పి రూపంలో దాటి, మన వైపు మాంటిల్‌లోకి వచ్చేటప్పుడు మళ్లీ ఎస్ అవుతుంది. పి నుంచి పుట్టిన ఎస్ కాబట్టి దాని ఊపు అంతా రేడియల్ తలంలోనే ఉంటుంది, అంటే అవతలి వైపు దారిలో ఏం గందరగోళం జరిగినా ఆ జాడ చెరిగిపోతుంది. ఇక ట్రాన్స్‌వర్స్ మీద ఏమైనా కనిపించిందంటే, అది కేంద్రం అంచు నుంచి మన స్టేషన్ దాకా ఉన్న దారిలో పుట్టిందే. ఇంత శుభ్రమైన ప్రయోగం భూమి మనకు ఉచితంగా చేసి పెట్టడం నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

స్టేషన్ అనంతపురంలో ఉందనుకుందాం. పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవుల దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. గోళ త్రికోణమితితో వేస్తే దూరం (భూమి మధ్య నుంచి చూసే కోణంగా) సుమారు 111 డిగ్రీలు, భూకంపం ఉన్న దిక్కు ఉత్తరం నుంచి సుమారు 106 డిగ్రీలు, అంటే తూర్పు దాటి కొంచెం ఆగ్నేయం వైపు. ఎస్‌కేఎస్‌కు మనం మామూలుగా వాడే దూరాలు 85 నుంచి 140 డిగ్రీలు, కాబట్టి ఇది పనికొస్తుంది.

దిశను బట్టి వేగం మారే రాతిలో దూరిన ఎస్ తరంగం రెండు భాగాలుగా చీలుతుంది: ఒకటి ముందు వస్తుంది, ఇంకొకటి కొంచెం ఆలస్యంగా. ముందు వచ్చేది ఊగే దిశను వేగ దిశ అంటాం. ఇక్కడే కొత్తవాళ్లు తికమకపడతారు. "తరంగం రెండుగా చీలింది" అనగానే రికార్డులో రెండు వేర్వేరు శిఖరాల కోసం వెతుకుతారు. అవి కనిపించవు. ఎస్‌కేఎస్ పీరియడ్, అంటే ఒక ఊపుకు పట్టే సమయం, సుమారు 10 సెకన్లు, చీలిక ఆలస్యమేమో సాధారణంగా ఒక సెకను అటూ ఇటూ, కాబట్టి రెండూ ఒకదానిమీద ఒకటి పడిపోయి ఉంటాయి. మీరు చూడాల్సినవి రెండు గుర్తులు: రేడియల్ శిఖరం తాకే చోట ట్రాన్స్‌వర్స్ దాదాపు సున్నా దాటుతుంది, రెండింటినీ ఒకదానిపై ఒకటి గీస్తే సరళరేఖ బదులు సన్నని దీర్ఘవృత్తం వస్తుంది.

ఇప్పుడు ఆ దీర్ఘవృత్తాన్ని మళ్లీ గీతగా మార్చాలి. భూకంప శాస్త్రవేత్తలు పాల్ సిల్వర్, విన్‌స్టన్ చాన్ 1991లో చూపిన పద్ధతి ఇదే: వేగ దిశను 0 నుంచి 180 దాకా ఒక్కో డిగ్రీ, ఆలస్యాన్ని 0 నుంచి 4 సెకన్ల దాకా చిన్న చిన్న మెట్లలో మార్చుకుంటూ, ప్రతి జతకీ దాని ప్రభావాన్ని వెనక్కి తీసేసి, ట్రాన్స్‌వర్స్‌లో మిగిలిన శక్తిని చూడటం. ఏ జత దగ్గర అది కనిష్ఠమైతే అదే జవాబు. ప్రోగ్రామ్ ఇచ్చిన అంకెను నమ్మే ముందు దీర్ఘవృత్తం నిజంగా గీతగా మారిందో లేదో కళ్లతో చూడండి, లేకపోతే తెల్లారేదాకా చెత్త అంకెలు పోగేసుకుంటారు.

మనకు వేగ దిశ 45 డిగ్రీలు, ఆలస్యం 1 సెకను వచ్చాయనుకుందాం. అసలు ఇది దేని గురించి చెబుతుంది? తాడిపత్రి క్వారీల్లో బండను పొర వెంట ఉలి పెట్టి కొడితే పలకలా ఊడి వస్తుంది, అడ్డంగా కొడితే మొండికేస్తుంది. ఒకే రాయి దిశను బట్టి వేరుగా ప్రవర్తించడం అంటే అదే, దీన్నే అనైసోట్రపీ అంటారు. మాంటిల్‌లో మాత్రం కారణం పొరలు కాదు, ఆలివిన్ స్ఫటికాలు. ఒక ఆలివిన్ స్ఫటికంలో పి తరంగం వేగవంతమైన అక్షం వెంట సెకనుకు దాదాపు 9.9 కిలోమీటర్లు పోతే, నెమ్మదైన అక్షం వెంట 7.7 దగ్గరే ఉంటుంది. వేడి మాంటిల్ నెమ్మదిగా పారేటప్పుడు మామూలుగా ఈ స్ఫటికాల వేగ అక్షాలు ప్రవాహం వైపు వరసకడతాయి. ఆలస్యం నుంచి అలా వరసకట్టిన పొర మందం కూడా అంచనా వేయొచ్చు: ఎస్ వేగం సెకనుకు 4.5 కిలోమీటర్లు, అనైసోట్రపీ 4 శాతం అనుకుంటే 1 × 4.5 ÷ 0.04, అంటే సుమారు 112 కిలోమీటర్లు.

45 డిగ్రీలంటే ఈశాన్యం. భారత పలక కూడా ఏటా 5 సెంటీమీటర్ల చొప్పున దాదాపు అటే కదులుతోంది. సరే, ప్రవాహం దొరికిపోయింది అనుకుంటున్నారా? తొందర వద్దు. ఎస్‌కేఎస్ దాదాపు నిట్టనిలువుగా పైకి వస్తుంది కాబట్టి ఏ లోతులో చీలిందో అది చెప్పదు. పలక కింద ఇప్పుడు పారుతున్న ఆస్తెనోస్ఫియర్ (మాంటిల్‌లోని మెత్తని భాగం) కావచ్చు, పలక లోపల ఎప్పుడో గడ్డకట్టిన స్ఫటికాల పాత వరస కూడా కావచ్చు. మన సీమలో ఈ రెండో అనుమానం తేలిగ్గా పోయేది కాదు: దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందటి వజ్రకరూరు కింబర్లైట్లు (మాంటిల్ లోతు నుంచి పైకి ఎగదన్నిన అగ్నిశిలలు) వజ్రాలు మోసుకొచ్చాయంటే అప్పటికే పలకకు కిందికి దిగిన మందపాటి వేరు ఉండేదని అర్థం. అది ఇప్పుడు ఎంత మిగిలిందన్న దాని మీద వాదన నడుస్తూనే ఉంది. లోతు తేల్చాలంటే ఉపరితల తరంగాల సాయం కావాలి, అది ఆరో భాగంలో.

ఇంటిపని: అదే స్టేషన్, ఈసారి భూకంపం దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ శాండ్‌విచ్ దీవుల దగ్గర, దూరం 109, దిక్కు 214 డిగ్రీలు. ట్రాన్స్‌వర్స్ బలం, వేగ దిశకూ భూకంప దిశకూ మధ్య కోణాన్ని రెట్టింపు చేసి తీసిన సైన్‌ను బట్టి ఉంటుంది. టోంగాకు ఆ కోణం 61, సైన్ 0.85. దీనికి ఎంత వస్తుందో మీరే వేయండి. 180 తీసేయడం మరవకండి. ట్రాన్స్‌వర్స్ చాలా చిన్నగా వస్తే "ఇక్కడ అనైసోట్రపీ లేదు" అని రాసి పారేయొద్దు, ఆ రికార్డునూ దాచుకోండి. అలా కాకుండా ఈ లెక్క చెప్పినదానికంటే బాగా పెద్దగా వచ్చిందంటే మన ఒక్క పొర లెక్క ఆ స్టేషన్‌కు సరిపోదు, అప్పుడు రెండు పొరలతో వేయాలి. వచ్చే భాగం దాని మీదే.