ఫెయిర్‌వే వుడ్డా, హైబ్రిడ్డా? కొనేముందు ఎలా తేల్చుకోవాలి

డల్లాస్ నుంచో సింగపూర్ నుంచో పిల్లలు సెలవులకు వస్తూ ఫోన్ చేస్తారు. "నాన్నా, లగేజీలో చోటుంది. నీ గోల్ఫ్ ఆటకు ఫెయిర్‌వే వుడ్ తెచ్చేదా, హైబ్రిడ్ తెచ్చేదా?" ఇక్కడ నెల్లూరులోనో ఒంగోలులోనో కూర్చున్న తండ్రి కాసేపు ఆలోచించి, "నీకేది మంచిదనిపిస్తే అది తేరా" అనేస్తాడు. వచ్చిన క్లబ్ (బంతిని కొట్టే కర్ర) చేతికి కుదరకపోతే వెనక్కి పంపే వీలుండదు. అది అటకెక్కుతుంది. అందుకే ఆ ఫోన్ రాకముందే మనకేం కావాలో తేల్చుకుని పెట్టుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వీలైనప్పుడల్లా చెన్నై దాకా వెళ్ళి ఆడొచ్చే మనలాంటివాళ్ళలో ఎక్కువమందికి ముందు హైబ్రిడ్ కావాలి, ఫెయిర్‌వే వుడ్ ఆ తర్వాత. రోజూ ప్రాక్టీస్ లేని చేతికి హైబ్రిడ్ తొందరగా దారికొస్తుంది. అయితే దీనికి తిరగబడే సందర్భాలు కూడా గట్టివే ఉన్నాయి. మీరు ఏ వైపు వస్తారో కింది పనులు వరుసగా చేస్తే మీకే తెలుస్తుంది.

1. ముందు మీ దూరాలు రాసుకోండి

ఒక కాగితం తీసుకుని మీ దగ్గరున్న ప్రతి క్లబ్‌కీ ఎదురుగా బంతి ఎన్ని గజాలు వెళ్తుందో రాయండి. గాల్లో ఎగిరి మొదట నేలను తాకేదాకా ఎంత దూరమో అది రాయాలి. దొర్లిన దూరం కలపొద్దు. మే నెలలో నేల రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది, బంతి ఇంకో ముప్పై గజాలు దొర్లిపోతుంది. దాన్ని నమ్ముకుంటే ముందున్న నీళ్ళ గుంటను దాటించాల్సి వచ్చినప్పుడు దెబ్బతింటాం.

ఉదాహరణకు మీ డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) 200 గజాలు, 5-ఐరన్ (సన్నటి ఇనుప తల క్లబ్, అంకె తగ్గేకొద్దీ దూరం పెరుగుతుంది) 140 గజాలు అనుకుందాం. మధ్యలో 60 గజాల ఖాళీ ఉంది. అసలు కొనాల్సింది ఆ ఖాళీని నింపే క్లబ్. 180 దగ్గర ఒకటి, 160 దగ్గర ఒకటి ఉంటే సరిపోతుంది. పైన ఉన్న చోటు సాధారణంగా వుడ్‌ది, కింద ఉన్న చోటు హైబ్రిడ్‌ది. రెంటిలో ఏ దూరం దగ్గర మీకు ఎక్కువ స్కోరు పోతోందో ఆ క్లబ్ ముందు కొనండి. బ్యాగులో 14 క్లబ్బులకు మించి ఉండకూడదన్న నియమం ఎలాగూ ఉంది కాబట్టి కొత్తది వస్తే పాతది ఏది తీసేయాలో కూడా అప్పుడే అనుకోండి. చాలామంది విషయంలో తీసేయాల్సింది 3-ఐరన్, 4-ఐరన్.

2. రెంటికీ తేడా ఎక్కడుందో తెలుసుకోండి

ఫెయిర్‌వే వుడ్ అంటే డ్రైవర్‌కు తమ్ముడు. తల వెడల్పుగా, వెనక్కి సాగి ఉంటుంది. బరువు కిందికీ వెనక్కీ ఉండటం వల్ల బంతి ఎత్తుగా లేస్తుంది. షాఫ్ట్ (తలకు బిగించిన కర్ర) పొడవు: 3-వుడ్ దాదాపు 43 అంగుళాలు, 5-వుడ్ అంతకంటే అర అంగుళం నుంచి అంగుళం తక్కువ. పేరులో వుడ్ ఉన్నా ఇప్పటి తలలు లోహంవే. 1979లో టేలర్‌మేడ్ సంస్థను మొదలుపెట్టిన గ్యారీ ఆడమ్స్ లోహపు తలల్ని మార్కెట్లోకి తెచ్చాక పర్సిమన్ చెక్క తలలు మెల్లగా కనుమరుగయ్యాయి.

హైబ్రిడ్ తల చిన్నది, ముందు నుంచి వెనక్కి ఇరుకుగా ఉంటుంది. షాఫ్ట్ 40 అంగుళాల దగ్గర ఉంటుంది. చూడ్డానికి సగం వుడ్, సగం ఐరన్. కొట్టేటప్పుడు మాత్రం ఐరన్ అనుకునే కొట్టాలి.

ఒకే లాఫ్ట్ (తల ముఖం వెనక్కి వాలిన కోణం) ఉన్న రెంటిని తీసుకుంటే, షాఫ్ట్ పొడవు వల్ల వుడ్ కొంచెం ఎక్కువ దూరం కొడుతుంది, ఎక్కువ ఎత్తు లేపుతుంది, గ్రీన్ (జెండా చుట్టూ నున్నగా కోసిన గడ్డి) మీద మెత్తగా దింపుతుంది. హైబ్రిడ్ బంతి కాస్త తక్కువ ఎత్తులో వెళ్తుంది, కానీ పొట్టి షాఫ్ట్ కాబట్టి తల మధ్యలో బంతి తగిలే అవకాశం ఎక్కువ. సముద్రపు గాలి ఎదురుగా వీచే మధ్యాహ్నాల్లో ఈ తక్కువ ఎత్తు మనకు కలిసొస్తుంది. చెన్నైలో పొద్దున్నే మొదలుపెట్టినా 18 హోల్స్ అయ్యేసరికి ఆ గాలి మొదలవుతుంది.

ఇంకొకటి గుర్తుంచుకోండి. మామూలుగానే బంతిని ఎడమకు లాగే అలవాటున్న కుడిచేతి ఆటగాడికి హైబ్రిడ్ ఆ అలవాటును పెంచుతుంది. తల కాస్త నిటారుగా కూర్చునేలా చేస్తారు, అందుకే. అలాంటివాళ్ళకు 7-వుడ్ లాంటిది ఎక్కువ నప్పుతుంది. బంతి కుడివైపు వంగిపోయేవాళ్ళకు (దీన్నే స్లైస్ అంటారు) ఇదే గుణం మేలు చేస్తుంది.

3. మీ బంతి ఎక్కువగా ఎక్కడ ఆగుతోంది?

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. కిందటిసారి ఆడిన ఆట ఒక్కో హోల్ గుర్తు చేసుకోండి. పొడవైన రెండో షాట్ కొట్టాల్సి వచ్చినప్పుడు బంతి ఫెయిర్‌వే (పొట్టిగా కోసిన గడ్డి దారి) మీద కుదురుగా ఉందా, గడ్డిలో కూరుకుపోయిందా, చెట్ల కింద మట్టి మీద ఉందా?

గోల్ఫ్‌వాళ్ళు బెర్ముడా అనే గడ్డి మన పొలం గట్ల మీది గరికే. దాన్ని చేత్తో పీకి చూసినవాళ్ళకు దాని పట్టు ఎంతటిదో తెలుసు. కొంచెం పెరిగిన గరికలోకి వుడ్ తల వెళ్తే, వెడల్పు ఎక్కువ కాబట్టి దాని మడమ (షాఫ్ట్ కలిసే చోటు) దగ్గర గడ్డి చుట్టుకుని తల తిరిగిపోతుంది, బంతి ఎడమకు కొట్టుకుపోతుంది. హైబ్రిడ్ ఇరుకు తల అదే గడ్డిని కోసుకుంటూ వెళ్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు రఫ్ (ఫెయిర్‌వే పక్కన పెరిగిన గడ్డి) ఒత్తుగా, తడిగా ఉంటుంది. ఆ మూడు నెలల్లో ఎక్కువ ఆడేవాళ్ళు ఇక ఆలోచించాల్సిన పనిలేదు, హైబ్రిడ్ తీసుకోండి. మరీ లోతుగా కూరుకుపోతే హైబ్రిడ్ కూడా కాదు, వెడ్జ్‌తో (ముఖం బాగా వాలిన పొట్టి క్లబ్‌తో) బయటికి కొట్టేసుకోవడమే.

ఎండాకాలంలో కష్టం వేరేలా ఉంటుంది. గడ్డి పల్చబడి బంతి కింద నేల తగులుతుంటుంది. అక్కడ 3-వుడ్‌తో బంతి కింది భాగాన్ని అందుకోవడం ప్రొఫెషనల్స్‌కే కష్టం. మనం కొడితే బంతి నెత్తిన తగిలి పాకుతూ పోతుంది. హైబ్రిడ్ ఇక్కడా నయమే.

మరి వుడ్ ఎప్పుడు? మీ డ్రైవ్‌లు (డ్రైవర్‌తో కొట్టే మొదటి షాట్లు) ఎక్కువగా ఫెయిర్‌వేలో పడుతున్నాయనుకోండి, పార్-5ల్లో (ఐదు షాట్లకు లెక్కగట్టిన పొడవైన హోల్స్‌లో) రెండో షాట్ దూరం కొట్టాలని ఉంది, ఇరుకు హోల్స్‌లో టీ (బంతిని పైకి నిలబెట్టే చిన్న పుల్ల) మీద డ్రైవర్ తీయాలంటే టెన్షన్. ఈ మూడిట్లో రెండు నిజమైతే వుడ్ మీకు డబ్బుకు తగ్గ పని చేస్తుంది. టీ మీద పెట్టి కొట్టేటప్పుడు వుడ్ ఇచ్చే భరోసా హైబ్రిడ్ ఇవ్వదు.

4. ఇసుకలో గీత గీసి మీ స్వింగ్ చూసుకోండి

డ్రైవింగ్ రేంజ్ (బంతులు కొట్టి ప్రాక్టీస్ చేసే చోటు) దగ్గర్లో లేని మనకు సముద్రం దగ్గర్లో ఉంది. మైపాడు గానీ, ఒంగోలువాళ్ళయితే కొత్తపట్నం గానీ తెల్లవారుజామున వెళ్ళండి. ఐరన్ ఒకటి, పాతదైతే మేలు, పట్టుకెళ్ళండి. బంతి వద్దు. అల వచ్చి వెళ్ళిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ కాలితో ఒక అడ్డ గీత గీయండి. ఆ గీతే బంతి అనుకుని నిలబడి, పూర్తి స్వింగ్‌తో కొట్టండి. కొంచెం పక్కకు జరుగుతూ మళ్ళీ మళ్ళీ కొట్టి, ఆగి ఇసుక మీద పడ్డ గుర్తులు చూడండి. చుట్టుపక్కల ఎవరూ లేరని ప్రతిసారీ చూసుకోవాలి, వలలు లాగే చోటికి అసలు పోవద్దు.

గుర్తు గీత దగ్గర మొదలై ముందుకు లోతుగా సాగితే మీరు బంతిని కిందికి కొట్టే రకం. హైబ్రిడ్ మీకోసమే. గీత అటూ ఇటూ ఇసుక పైపైన, చీపురుతో ఊడ్చినట్టు మాత్రమే కదిలితే మీ స్వింగ్ వుడ్‌కు సరిపోతుంది. గుర్తులు ఎక్కువసార్లు గీతకు వెనకాలే మొదలవుతుంటే మాత్రం కొనడం కొన్నాళ్ళు ఆపండి. నేలను ముందు కొట్టే స్వింగ్‌కు ఏ క్లబ్ తెచ్చినా ఫలితం అదే. బరువు ముందుకాలి మీదికి రావడం మీద శ్రద్ధ పెట్టి, గుర్తు గీత దాటాక అప్పుడు క్లబ్ సంగతి చూడండి. ఇంటికొచ్చాక ఆ ఐరన్‌ని మంచినీళ్ళతో కడిగి తుడవాలి, ఉప్పు ఇనుమును వదలదు.

డాబా మీద వల కట్టుకుని మ్యాట్ మీద కొట్టేవాళ్ళకు ఈ పరీక్ష మరీ అవసరం. మ్యాట్ అబద్ధం చెబుతుంది. బంతికి రెండు అంగుళాల వెనక కొట్టినా తల మ్యాట్ మీద జారి బంతిని అందుకుంటుంది, షాట్ బాగా తగిలినట్టే ఉంటుంది. అదే షాట్ గడ్డి మీద అరవై గజాలు కూడా పోదు. ఇళ్ళు లేని లేఅవుట్లలో బంతులు కొట్టడం కొందరికి అలవాటు. దయచేసి మానుకోండి. గేదెల్ని మేపుకునేవాళ్ళు, సైకిళ్ళ మీద పిల్లలు ఏ మూల నుంచి వస్తారో తెలియదు, ఆ బంతి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

5. అడిగి తీసుకుని, రెండూ పక్కపక్కన కొట్టండి

చెన్నైలో ఆడేటప్పుడు తోటివాళ్ళను అడిగితే ప్రాక్టీస్ చోట రెండు బంతులు కొట్టనివ్వనివాళ్ళు ఉండరు. నందనంలోని కాస్మోపాలిటన్ క్లబ్ లాంటి పాత మైదానాల్లో అయితే క్యాడీలను (బ్యాగు మోసే సహాయకులను) అడగండి. మీ స్వింగ్ చూసి వాళ్ళు చెప్పే మాటకు విలువ ఇవ్వండి.

దగ్గర లాఫ్ట్ ఉన్న వుడ్, హైబ్రిడ్ తీసుకుని ఒకదాని తర్వాత ఒకటి మార్చి కొట్టండి. టీ పెట్టొద్దు, నేల మీద నుంచే. అందరూ తమ మంచి షాట్‌ను గుర్తుపెట్టుకుంటారు. మీరు చెడ్డ షాట్‌ను చూడండి. సరిగా తగలనప్పుడు ఏ క్లబ్‌తో బంతి ఇంకా ఆడదగ్గ చోట ఉంది? అదే మీ క్లబ్.

6. అంకెను కాదు, లాఫ్ట్‌ను అడగండి

ఫోన్‌లో "3-హైబ్రిడ్ తే" అంటే సరిపోదు. ఒక కంపెనీ 3-హైబ్రిడ్ 19 డిగ్రీలుంటే ఇంకొకరిది 21 ఉండొచ్చు. మామూలుగా 3-వుడ్ 15 డిగ్రీలు, 5-వుడ్ 18, 7-వుడ్ 21. హైబ్రిడ్లలో 4 అంటే 22 నుంచి 24 మధ్య, 5 అంటే 25 నుంచి 27 మధ్య. మీ బ్యాగులో దానికి దగ్గరి క్లబ్‌కూ కొత్తదానికీ 4 డిగ్రీల తేడా ఉండేలా చూసుకోండి.

డ్రైవర్ 200 గజాలు దాటనివాళ్ళు 3-వుడ్ జోలికి పోకుండా ఉంటే మంచిది. నేల మీదున్న బంతిని 15 డిగ్రీలతో లేపాలంటే స్వింగ్‌లో వేగం కావాలి. వేగం లేనప్పుడు 5-వుడ్డో 7-వుడ్డో ఎక్కువ దూరం కూడా వెళ్తుంది. అరవై దాటినవాళ్ళకు 7-వుడ్ గురించి గట్టిగా చెబుతాను, అది బంతిని ఎత్తే తీరు చూస్తే ఆట మీద మళ్ళీ ఇష్టం పుడుతుంది. షాఫ్ట్ విషయంలో గ్రాఫైట్, రెగ్యులర్ ఫ్లెక్స్ (షాఫ్ట్ వంగే గుణం) చాలామందికి సరిపోతుంది. నెమ్మదిగా స్వింగ్ చేసేవాళ్ళు సీనియర్ ఫ్లెక్స్ అడగండి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఒక మాట. ఇంట్లో ఉన్న వుడ్ షాఫ్ట్‌ను హైబ్రిడ్ తలకు వేయించుకుందాం అనుకోవద్దు. సాధారణంగా వుడ్ షాఫ్ట్ కొన మందం 0.335 అంగుళాలు, హైబ్రిడ్‌ది 0.370, అవి ఒకదానికొకటి కుదరవు. నకిలీలు కూడా తిరుగుతుంటాయి. తల మెడ దగ్గర సీరియల్ నంబర్ లేనిదాన్ని, ధర నమ్మలేనంత తక్కువున్నదాన్ని వదిలేయండి.

7. తెప్పించేటప్పుడు

క్లబ్‌ను చేతి బ్యాగుతో విమానంలోకి రానివ్వరు. మామూలు సూట్‌కేసులో 40 అంగుళాల హైబ్రిడ్ కూడా ఏటవాలుగా పట్టదు. సన్నటి పొడుగాటి అట్టపెట్టెలో పెట్టి చెక్-ఇన్ లగేజీగా వేయమనండి. చాలా ఎయిర్‌లైన్స్ పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 62 అంగుళాల దాకా ఒప్పుకుంటాయి. 48 అంగుళాల పొడవు, ఆరేసి అంగుళాల వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టెకు 60 అవుతుంది. తల దగ్గర పాత తువ్వాలు కుక్కమని చెప్పండి.

హైబ్రిడ్ తెచ్చుకున్నవాళ్ళు దాన్ని దూరానికే దాచిపెట్టొద్దు. 2004లో రాయల్ ట్రూన్‌లో టాడ్ హామిల్టన్ బ్రిటిష్ ఓపెన్ గెలిచింది గ్రీన్ పక్కన హైబ్రిడ్‌తో బంతిని దొర్లించే. పొడవు షాట్‌కు సాక్ష్యం కావాలంటే 2009 పీజీఏ చాంపియన్‌షిప్ ఉంది. హేజల్‌టీన్‌లో చివరి హోల్ దగ్గర కొరియా ఆటగాడు వై.ఇ. యాంగ్ దాదాపు 200 గజాల నుంచి చెట్టు మీదుగా హైబ్రిడ్ కొట్టి బంతిని జెండా పక్కన దించాడు. అలా యాంగ్ గెలిచాడు, చివరి రోజు ఆధిక్యంతో మొదలుపెట్టిన మేజర్‌లో (పెద్ద టోర్నీలో) టైగర్ వుడ్స్ ఓడటం అదే మొదటిసారి. గ్రీన్ అంచున గరిక బంతికి అడ్డంగా ఉన్నప్పుడు మీరు కూడా హైబ్రిడ్‌ను కిందికి పట్టుకుని, పుట్ చేసినట్టే (గ్రీన్ మీద బంతిని మెల్లగా దొర్లించినట్టే) కొట్టి చూడండి. దీన్ని ఇంటి వరండాలో కూడా ప్రాక్టీస్ చేయొచ్చు.

క్లబ్ ఏదైనా సరే, ఎండాకాలంలో కారు డిక్కీలో వదిలేయకండి. ఆ వేడికి గ్రిప్ కింద టేపు జిగురు కరుగుతుంది, తలను పట్టి ఉంచే జిగురూ బలహీనపడుతుంది. ఆడి వచ్చిన రోజే బ్యాగును ఇంట్లోకి తెచ్చి, తలలు తుడిచి, గాలి తగిలే చోట నిలబెట్టండి.