హైదరాబాదు నుంచి ఆస్ట్రేలియాకు ఇంటి సామాను: ప్యాకర్లు రాకముందే చూసుకోవలసినవి

మేము హైదరాబాదు వదిలి మెల్‌బోర్న్ చేరిన తరువాత ఓడలో వచ్చిన 41 పెట్టెల్లో ఒకటి తనిఖీలో ఆగిపోయింది. అందులో మా అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె ఉంది. కూతురికి ఖాళీ పాత్ర ఇవ్వకూడదని అమ్మ అందులో గుప్పెడు బియ్యం, రెండు పసుపు కొమ్ములు వేసి, మూతకు గుడ్డ కట్టి పంపింది. ప్యాకర్లు దాన్ని విప్పకుండానే బబుల్ ర్యాప్‌లో చుట్టేశారు, మేమూ అడగలేదు. ఆ గుప్పెడు బియ్యం కోసం పెట్టెను శుద్ధి చేయించవలసి వచ్చింది, తనిఖీ రుసుము కట్టవలసి వచ్చింది, మిగతా సామాను కూడా దానితోపాటు మూడు వారాలు గోదాములోనే ఉండిపోయింది. నష్టం సముద్రం మీద జరుగుతుందని చాలామంది భయపడతారు. మా అనుభవంలో మాత్రం అది ఇంట్లోనే, పెట్టెలు కట్టిన రోజునే మొదలైంది. అందుకే ఈ జాగ్రత్తలన్నీ ఆ రోజు చుట్టూనే రాస్తున్నాను.

బియ్యం విషయంలో ఇంత పట్టుదల ఎందుకో తెలిస్తే ఎవరికీ కోపం రాదు. ధాన్యం నిల్వలను తినే ఖప్రా పురుగు మన ఉపఖండంలో ఎప్పటినుంచో ఉంది, ఆస్ట్రేలియాలో స్థిరపడలేదు. దాని లార్వా పెట్టెల మడతల్లో, చెక్క పగుళ్లలో దాక్కుని తిండి లేకుండా చాలాకాలం బతకగలదు. గోధుమ ఎగుమతి మీద ఎంతో ఆధారపడిన ఆ దేశానికి అది పెద్ద ముప్పు. ఈ కారణంగా 2020 అక్టోబరు 15 నుంచి బియ్యం, శనగలు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు వంటి పదార్థాలను విడిగా పంపే ఇంటి సామానులో అసలు అనుమతించడం లేదు. కాబట్టి కొద్దిగా పంపవచ్చా, సీలు వేసి పంపవచ్చా అన్న ఆలోచన మానేయండి. తినే వస్తువు ఏదీ పెట్టెల్లోకి వెళ్లకూడదు, ఆవకాయ జాడీ అయినా సరే.

తినే వస్తువులు తీసేయడం తేలికే, వాటి ఆనవాళ్లు తీయడమే కష్టం. పోపులపెట్టె మూలల్లో ఆవగింజలు, మిక్సీ అడుగున పిండి, వెట్ గ్రైండరు రాయి కింద ఎండిన మినప్పిండి, ప్రెషర్ కుక్కర్ రబ్బరు గాడిలో మెతుకు, బియ్యం డబ్బా అంచు మడతలో నూక, ఇవన్నీ తనిఖీలో కనిపించేవే. ప్యాకర్లు వచ్చే రోజుకు కనీసం వారం ముందే వంటింటి సామాను మొత్తం కడిగి, ఎండలో ఆరబెట్టి, టార్చిలైటు వేసి చూసుకోండి. రోలు, రుబ్బురోలు తీసుకువెళ్లదలచుకుంటే గాట్లలోని పిండిని గట్టి బ్రష్‌తో గీకి తీసి, వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే కట్టించండి. చేట, వెదురు బుట్ట, తాటాకు విసనకర్ర, చీపురు, ఈతచాప వంటివి హైదరాబాదులోనే ఎవరికైనా ఇచ్చేయడం మేలని నా అభిప్రాయం. బూరుగు దూది దిండ్లు, పరుపులు కూడా అంతే. ఎంత ఏరినా ఆ దూదిలో గింజలు మిగిలే ఉంటాయి.

దేవుడి గది గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో అన్నింటికంటే ఎక్కువ మనసు అక్కడే ఉంటుంది. అక్షతలు, నవధాన్యాలు, ఎండుకొబ్బరి, వక్కలు, దర్భలు, మామిడి ఆకుల తోరణం, ఎండిన తులసి, పిడకలు వేటినీ పంపకండి. రుద్రాక్షమాల కూడా గింజలతో చేసినదే కాబట్టి దాన్ని జాబితాలో విడిగా రాసి, తనిఖీకి సిద్ధంగా ఉంచాలి. కర్పూరం, అగ్గిపెట్టెలు మండే వస్తువులు కాబట్టి ఓడ ఎక్కడానికి వీల్లేదు. కృష్ణుడి పటం పక్కన పెట్టుకునే నెమలి ఈకల ఎగుమతికి మన దేశమే ఒప్పుకోదు. జపానికి వాడే జింక చర్మం వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. చెక్క మందిరం తీసుకువెళ్లే పక్షంలో బెరడు ఎక్కడా మిగలకుండా చూడాలి, వెనకవైపు చిన్న చిన్న రంధ్రాలు, వాటి కింద సన్నని చెక్కపొడి ఉన్నాయేమో పరీక్షించాలి. అవి ఉంటే పుచ్చు పట్టినట్టే. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి మెత్తని కర్ర కాబట్టి వాటినీ అదే కంటితో చూడండి.

తాతల నాటి వస్తువుల విషయంలో ఇంకొక చట్టం ఉంది. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన విగ్రహాలు, శిల్పాలు, చిత్రాల వంటివి, సాహిత్య, చారిత్రక, శాస్త్ర విలువ కలిగి 75 ఏళ్లు దాటిన రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. ఇంట్లో తాళపత్రాలో, పంచలోహ విగ్రహమో ఉంటే అవి మన దేశంలోనే కుటుంబంలో ఎవరి దగ్గరో ఉండాలి. పాతగా కనిపించినా అంత వయసు లేని వస్తువుకు అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకునే మార్గం ఉంది. కస్టమ్స్ వారు అడిగిన తరువాత దానికోసం తిరగడం ఆలస్యమవుతుంది కనుక ముందే తీసుకోవాలి.

మట్టి కూడా ధాన్యంతో సమానమైన ప్రమాదమే. పిల్లల సైకిలు చక్రాలు, క్రికెట్ బూట్ల అడుగులు, పూలకుండీలు, పార, వాక్యూమ్ క్లీనర్ సంచి, బాల్కనీలో ఉంచిన కుర్చీ కాళ్లు, వీటిలో ఏ ఒక్కదానికి మట్టి అంటుకుని ఉన్నా శుభ్రం చేయించే ఖర్చు మీ మీద పడుతుంది. సామానును శుద్ధి చేయించడం, వెనక్కి పంపడం, నాశనం చేయడం, ఈ మూడింటిలో ఏది జరిగినా చెల్లించవలసింది యజమానే.

ఏ సంస్థకు అప్పగించాలన్నది తరువాతి ప్రశ్న. ఇంటికి వచ్చి గానీ, వీడియోలో ప్రతి అలమర తెరిపించి గానీ చూడకుండా ధర చెప్పేవారిని నమ్మకండి. ఇతరులతో పంచుకున్న కంటైనరులో వెళ్లే సామానుకు సాధారణంగా బరువును బట్టి కాక ఘనపు మీటర్లలో వసూలు చేస్తారు. అందువల్ల తెలుగు పుస్తకాలను ఓడలో పంపడం లాభం, దిండ్లూ ప్లాస్టిక్ డబ్బాలూ పంపడం దండగ. 20 అడుగుల కంటైనరులో సుమారు 33 ఘనపు మీటర్లు పడుతుంది కాబట్టి, రెండు పడక గదుల ఇంటి నుంచి ఎంచుకున్న కొంత సామానుకు కంటైనరు మొత్తం తీసుకోనక్కరలేదు. ‘డోర్ టు డోర్’ అన్న మాట రాసి ఉన్నంత మాత్రాన అన్నీ అందులో చేరినట్టు కాదు. చేరే రేవులో దించే ఖర్చు, కస్టమ్స్ క్లియరెన్సు, జీవభద్రత తనిఖీ (పురుగులు, తెగుళ్లు దేశంలోకి రాకుండా చేసే పరీక్ష), గోదాములో ఉచితంగా ఉంచే రోజుల సంఖ్య, అపార్ట్‌మెంటులో మెట్లెక్కించే కూలి ఎవరివో ఒక్కొక్కటిగా రాయించుకోండి. అతి తక్కువ ధర చెప్పినవారి కాగితంలో సాధారణంగా ఈ వరుసే ఉండదు. ఫిడి వంటి అంతర్జాతీయ తరలింపు సంస్థల సమాఖ్యలో సభ్యత్వం ఉందేమో చూడవచ్చు, అయితే ఆస్ట్రేలియాలో మీ సామాను అందుకునే భాగస్వామి ఎవరో తెలుసుకోవడం అంతకంటే ముఖ్యం.

పెట్టెలు కట్టేటప్పుడు ఇంట్లో ఒకరు పుస్తకం పట్టుకుని ప్యాకర్ల పక్కనే నిలబడాలి, ఇంకొకరికి ఆ పని అప్పగించకూడదు. ప్రతి పెట్టెకూ అంకె వేసి, అందులోని వస్తువుల పేర్లు రాసి, మూత వేసే ముందు ఒక ఫొటో తీయండి. ‘వంట సామాను’, ‘ఇతరములు’ అని రాసిన పెట్టెనే అధికారులు ముందుగా తెరుస్తారు. చెక్క క్రేటు వాడితే దాని మీద అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వేడిశుద్ధి గుర్తు ఉండాలి, అంటే కర్ర లోపలి భాగం 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడెక్కి ఉండాలి. వాడిన అట్టపెట్టెలు, ముఖ్యంగా కిరాణా దుకాణం నుంచి తెచ్చిన పండ్ల పెట్టెలు, గోనెసంచులు, ఎండుగడ్డి పనికిరావు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పంపేవారు తేమ గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. వర్షంలో ఎక్కించిన కంటైనరు లోపలి గాలి పగలు వేడెక్కి, రాత్రి చల్లబడినప్పుడు పైకప్పు నుంచి నీటిబొట్లు కారతాయి. పట్టుచీరలను, పుస్తకాలను ప్లాస్టిక్‌లో చుట్టి, సిలికా జెల్ పొట్లాలు వేయించాలి.

మన గ్రైండరు, మిక్సీ ఆస్ట్రేలియాలో పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జే. ప్లగ్గు మాత్రం మార్చాలి. గ్యాస్ సిలిండరు, రెగ్యులేటరు, పవర్ బ్యాంకు పెట్టెల్లో ఉండరాదు. బంగారం, అసలు సర్టిఫికెట్లు, పొలం దస్తావేజులు, పిల్లల టీకా కార్డులు చేతి సంచిలోనే వెళ్లాలి.

పన్ను విషయంలో నియమం స్పష్టంగా ఉంది. బయలుదేరడానికి ముందు 12 నెలలపాటు మీ సొంతమై, మీరు వాడిన వస్తువులకు సుంకం ఉండదు. ప్రయాణం కుదిరాక ఊరంతా తిరిగి కొన్న స్టీలు సామానుకు, చీటీ విప్పని పట్టుచీరలకు ఆ మినహాయింపు రాదు. వాటి మీద 10 శాతం జీఎస్టీ, చాలావాటికి 5 శాతం సుంకం పడవచ్చు. బిల్లులు దాచి, బీ534 అనే ప్రకటన పత్రంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ పత్రానికి పాస్‌పోర్టు ప్రతి, పెట్టెల జాబితా జతచేయాలి. జాబితా ఇంగ్లీషులోనే ఉండాలి.

బీమా తప్పనిసరిగా తీసుకోండి. పూర్తి నష్టానికే వర్తించే చవక పాలసీ కాక, అన్ని ప్రమాదాలకూ వర్తించేది ఎంచుకుని, విలువలను అక్కడ కొత్తది కొంటే ఎంతవుతుందో ఆ లెక్కన వేయండి. మీరు స్వయంగా కట్టిన పెట్టెలోని పగుళ్లకు చాలా పాలసీలు పరిహారం ఇవ్వవు, బూజుకు, పురుగుకు కూడా ఇవ్వవు. మీ సామానుకు ఏమీ కాకపోయినా బీమా అవసరమయ్యే సందర్భం ఒకటుంది. 2021 మార్చిలో సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కున్న ఎవర్ గివెన్ ఓడ విషయంలో యజమానులు ‘జనరల్ యావరేజ్’ ప్రకటించారు. ఆ సముద్ర సంప్రదాయం ప్రకారం ఓడను రక్షించడానికి అయిన ఖర్చులో అందులోని సరుకుదారులందరూ వాటా భరించాలి, హామీ ఇచ్చేదాకా సరుకు చేతికి రాదు. పాలసీలో ఈ వాటా చేరి ఉందా అని పేరు పెట్టి అడగండి.

సామాను రావడానికి రెండు మూడు నెలలు పడుతుందని అనుకుని, అప్పటివరకు కావలసిన గిన్నెలు, దుప్పట్లు, పిల్లల పుస్తకాలు విమానంలోనే తీసుకువెళ్లండి. పెట్టెలు ఇంటికి చేరిన రోజు అంకెలు సరిచూసుకుని, నలిగిన పెట్టె ఏదైనా ఉంటే డెలివరీ కాగితం మీద ఆ మాట రాసిన తరువాతే సంతకం చేయండి. పెట్టె విప్పుతుండగా పురుగు గానీ, లార్వా విడిచిన సన్నని గోధుమరంగు వెంట్రుకల పొట్టు గానీ కనిపిస్తే దులిపి పారేయవద్దు. మూత తిరిగి వేసి, టేపు అంటించి, ఫొటో తీసి, 1800 798 636 అనే జీవభద్రత నంబరుకు వెంటనే ఫోన్ చేయండి. వారు వచ్చి చూసేదాకా ఆ పెట్టె ఉన్నచోటే ఉండాలి.