అల్లాహ్ నామాలు నేర్చుకుందాం – 4వ పాఠం: అస్సమీ

పోయిన పాఠంలో రహ్మాన్, రహీమ్ ఒకే ధాతువు (పదానికి మూలమైన అక్షరాలు) నుంచి ఎలా వచ్చాయో చూశాం. ఈసారి 'అస్సమీ', అంతా వినేవాడు. పద్ధతి అదే. ముందు ధాతువు పట్టుకోవాలి. తర్వాత ఆ పేరు వచ్చిన ఆయతును (ఖురాన్ వాక్యాన్ని) మొదటి నుంచి చదవాలి.

ధాతువు సీన్, మీమ్, ఐన్. ఖురాన్‌లో 58వ సూరా (అధ్యాయం) తెరిచి మొదటి ఆయతు మీద వేలు పెట్టండి. మొదట్లో 'సమిఅ', మధ్యలో 'యస్మఉ', చివర 'సమీఉన్'. ఒక్క ఆయతులో మూడుసార్లు వినడమే!

ఎవరి మాట విన్నాడు? ఖౌలా అనే ఆవిడ మాట. "నువ్వు నాకు మా అమ్మ వీపులాంటిదానివి" అన్నాడు భర్త, అంటే ఇక నువ్వు నాకు తల్లితో సమానం, భార్యవి కావు అని. ఇస్లాంకు ముందు అరబ్బుల్లో ఆ మాటతో భార్య బతుకు రోడ్డున పడేది. ఆవిడ ప్రవక్త (స) దగ్గరికి వచ్చి మొరపెట్టుకుంది. అదే ఇంట్లో ఓ మూలనున్న ప్రవక్త భార్య ఆయిషా (ర)కు కొన్ని మాటలు వినపడలేదు. అల్లాహ్‌కు వినపడ్డాయి. ఆవిడ చెప్పిన ఈ హదీసు (ప్రవక్త కాలం నాటి ఉల్లేఖనం) ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పూడుకుపోతుంది. అలా అన్నంత మాత్రాన భార్య తల్లి అయిపోదని రెండో ఆయతు తేల్చేసింది.

ఇక్కడ మన తెలుగే సాయం చేస్తుంది. "మావాడు నా మాట వినడు" అంటే వాడికి చెవుడని కాదు కదా, లెక్కచేయడని. చెవిన పడటం మొదటి వినడం, లెక్కచేయడం రెండో వినడం. నమాజులో రుకూ (నడుం వంచి నిలబడటం) నుంచి లేస్తూ అనే 'సమిఅల్లాహు లిమన్ హమిదహ్'లో ఉన్నది ఈ రెండో వినడమే: తనను స్తుతించినవాడి మాట అల్లాహ్ విన్నాడు, స్వీకరించాడు. ఫర్జు (తప్పనిసరి) నమాజుల్లోనే రోజుకు 17 సార్లు వచ్చే మాట ఇది.

ఒక జాగ్రత్త. విజయవాడ బస్టాండులో నిలబడితే అనౌన్స్‌మెంట్లు, హారన్లు, సమోసాల కేకల మధ్య మనకు ఒక గొంతు అందితే పది జారిపోతాయి. అల్లాహ్ వినడాన్ని మన చెవితో కొలవకూడదు. 42వ సూరా 11వ ఆయతు "ఆయనను పోలినదేదీ లేదు" అని చెప్పి, వెంటనే "ఆయన వినేవాడు, చూసేవాడు" అంటుంది. పోలికను కొట్టేసింది, గుణాన్ని ఉంచింది. రెండు సగాలూ కలిపే చదవాలి.

అభ్యాసం: 14వ సూరా 39వ ఆయతు. ముసలితనంలో కొడుకులు ఇస్మాయీల్, ఇస్‌హాఖ్‌లు పుట్టాక ప్రవక్త ఇబ్రాహీం (అ) పలికిన మాట. అక్కడి 'సమీ' మొదటి వినడమా, రెండోదా? ఆయతు మొదటి సగం చదివి, కారణంతో సహా నోట్‌బుక్‌లో రాయండి. వచ్చే పాఠం 'బసీర్', చూసేవాడు.