చిన్న నగరం మాస్టర్ ప్లాన్ సవరణ: ఇళ్ల లెక్క నుంచి జోనింగ్ దాకా

20 ఏళ్ల మాస్టర్ ప్లాన్ సవరణ అనగానే చాలా నగరాలు రంగుల మ్యాప్ దగ్గర మొదలుపెడతాయి. పసుపు వేసిన చోటల్లా ఇళ్లు వచ్చేస్తాయనుకుంటాయి. అలా రావు. ఎన్ని ఇళ్లు కావాలో, వాటికి నిజంగా పనికొచ్చే స్థలం ఎంతుందో, ఆ స్థలంలో మన నిబంధనలు ఎంత కట్టనిస్తాయో తేలాకే రంగులు వేయాలి. ఈ లెక్కలు కుదరని ప్లాన్ ఎంత అందంగా ప్రింటయినా అద్దెలు తగ్గవు, అనుమతి లేని లేఅవుట్లు ఆగవు.

పాత ప్లాన్ ఎక్కడ తప్పింది?

పాత భూవినియోగ మ్యాప్‌ను ఇవాళ్టి ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూడండి. నివాస ప్రాంతమని చూపించి ఇప్పటికీ ఖాళీగా ఉన్నవి, పచ్చని ప్రాంతమని చూపించినా ఇళ్లు లేచినవి, గీతగా మిగిలిపోయిన రోడ్లు, ఈ మూడింటినీ విడివిడిగా గుర్తించండి. ప్రతి తప్పు వెనకా కారణం ఉంటుంది. నీళ్ల లైను వెళ్లలేదు, యజమానుల మధ్య తగాదా ఉంది, లేదా కనీస ప్లాట్ సైజు సామాన్యుడు కొనలేనంత పెద్దది. ఆ కారణం రాసుకోకుండా ముందుకెళితే అదే తప్పు కొత్త మ్యాప్‌లోకీ వస్తుంది.

నగరం ఎంత పలచగా పరుచుకుంటోందో తెలియడానికి ఒక్క నిష్పత్తి చాలు. కట్టడాల విస్తీర్ణం ఏటా పెరిగే రేటును జనాభా పెరిగే రేటుతో భాగించండి. విస్తీర్ణం 4 శాతం, జనాభా 2 శాతం పెరుగుతుంటే జవాబు 2. అంటే మనుషుల కంటే రెట్టింపు వేగంతో నేల ఖర్చవుతోంది. ఐక్యరాజ్య సమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.3.1 సూచిక కొలిచేది ఇదే. 30 మీటర్ల స్పష్టత ఉన్న ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1980ల నుంచీ, 10 మీటర్ల సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచీ ఉచితంగా దొరుకుతాయి. వాటిని మ్యాప్ మీద పరిచి కొలిచే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే.

మిగతావన్నీ దేని మీద గీస్తామో ఆ బేస్ మ్యాప్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. ప్లాట్ల హద్దుల మ్యాప్ ఒక ప్రొజెక్షన్‌లో (గుండ్రని భూమిని చదును మ్యాప్ మీద పరిచే పద్ధతి), ఉపగ్రహ చిత్రం ఇంకో ప్రొజెక్షన్‌లో ఉండి సరిచేయకపోతే హద్దులు పక్కకు జరుగుతాయి. వాగు వెంట వదలాల్సిన జాగా పక్కవాడి ప్లాట్‌లో పడుతుంది. ముసాయిదా మీద జనం ఇచ్చే అభ్యంతరాల్లో చాలా భాగం ఇక్కడే పుడుతుంది. నగరం నాలుగు అంచుల్లోనూ, మధ్యలోనూ కలిపి 15 చోట్ల నేల మీద పాయింట్లు కొలిచి సరిచూసుకోండి.

ఎన్ని ఇళ్లు కావాలి

జనాభాను కాదు, కుటుంబాలను లెక్కపెట్టాలి. ఒక ఊహా నగరం తీసుకుందాం. ఇప్పుడు జనాభా 80,000, కుటుంబానికి సగటున 3.6 మంది, అంటే సుమారు 22,200 కుటుంబాలు. 20 ఏళ్లకు జనాభా 1,04,000 అవుతుందనీ, కుటుంబం 3.2 మందికి తగ్గుతుందనీ అనుకుంటే కుటుంబాలు 32,500. పాత సగటు 3.6నే పట్టుకుని కూర్చుంటే 28,900 మాత్రమే వస్తుంది. సగటులో 0.4 మారితే 3,600 ఇళ్లు తేడా! లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే.

అద్దెకూ అమ్మకానికీ ఎప్పుడూ కొన్ని ఇళ్లు ఖాళీగా ఉండాలి. దానికి 5 శాతం వదిలితే 32,500ను 0.95తో భాగించాలి, 34,200 ఇళ్లు అవసరం. ఇప్పుడున్న ఇళ్లు 23,000. వాటిలో 20 ఏళ్లలో కూలేవి, దుకాణాలుగా మారేవి 1,200 అనుకుంటే మిగిలేవి 21,800. అంటే కొత్తగా 12,400 కావాలి. ఒకే గదిలో ముగ్గురికి మించి సర్దుకుంటున్న ఇళ్లు, ఒకే ఇంట్లో తలదాచుకుంటున్న రెండు మూడు కుటుంబాలు పై లెక్కలో కనిపించవు. వీటి కోసం 800 కలిపితే 13,200, అంటే ఏడాదికి 660.

ఈ 13,200ను ఆదాయాల వారీగా విడగొట్టండి. అద్దె ఆదాయంలో 30 శాతం దాటితే భారమనే కొలమానం చాలా చోట్ల వాడుకలో ఉంది. ప్రతి ఆదాయ వర్గం ఎంత అద్దె మోయగలదో రాసి, ఆ అద్దెకు ఏ సైజు ఇల్లు కట్టడం సాధ్యమో పక్కనే రాయండి. చిన్న ఇళ్లకు నిబంధనలే అడ్డుపడుతున్నాయని ఆ పట్టికలోనే బయటపడుతుంది.

కాగితం మీది స్థలం, కట్టగలిగే స్థలం

ప్లాన్ మొత్తంలో ఎక్కువ రోజులు పెట్టాల్సింది ఇక్కడ. ఖాళీ స్థలాలన్నీ కూడి, జోనింగ్ (ఏ ప్రాంతంలో ఏం, ఎంత కట్టొచ్చో చెప్పే నిబంధనలు) సాంద్రతతో హెచ్చవేసి సరిపోయిందనుకోవడం చాలా మామూలుగా జరిగే తప్పు. ఒక్క స్థలాన్ని దగ్గరగా చూస్తే ఆ తప్పు ఎంతదో తెలుస్తుంది.

1.2 హెక్టార్ల స్థలం, హెక్టారుకు 60 ఇళ్ల జోను. కాగితం మీద 72 ఇళ్లు. వాగు వెంట వదలాల్సింది 0.25 హెక్టార్లు, హైటెన్షన్ లైను కింద 0.15, రోడ్డు వెడల్పుకు 0.1. మిగిలింది 0.7 హెక్టార్లు, 42 ఇళ్లు. ఇంటికి ఒకటిన్నర కారు పార్కింగ్ తప్పనిసరైతే 63 కార్లు. తిరిగే దారితో కలిపి కారుకు 28 చదరపు మీటర్ల చొప్పున దాదాపు 1,760 చదరపు మీటర్లు, మిగిలిన నేలలో నాలుగో వంతు. దానిపైన రెండంతస్తుల పరిమితి, నాలుగు వైపులా సెట్‌బ్యాక్, అంటే హద్దు నుంచి ఖాళీగా వదలాల్సిన జాగా. చివరికి 25 ఇళ్లు పట్టినా గొప్పే. స్థలం అంతే ఉంది. నిబంధనలు మారిస్తే 40 దాకా వస్తాయి.

ఇలా నగరంలోని రకరకాల ప్లాట్లు కనీసం పది తీసుకుని, ప్రతిపాదిత నిబంధనలతో మామూలు భవనం గీయించండి. మామూలు మేస్త్రీ కట్టే భవనమే ఆ గీతలో ఇమడకపోతే నిబంధనదే తప్పు.

నగరం వెలుపల కొత్త లేఅవుట్లకు ఇంకో కోత ఉంది. వీధులు, పార్కులు, బడి, డ్రెయిన్లకు 40 శాతం పోతుంది. ఒక్క వీధులకే కనీసం 30 శాతం ఉండాలని ఐక్యరాజ్య సమితి ఆవాసాల సంస్థ యూఎన్-హాబిటాట్ సూచన. హెక్టారుకు 60 ఇళ్లన్నది స్థూల హెక్టారుకు (వీధులు, పార్కులతో కలిపి) 36 అవుతుంది. 13,200లో సగం లోపలే సర్దగలిగితే బయట కావాల్సింది 183 హెక్టార్లు. మొత్తం బయటకే తోస్తే 367. ఆ తేడా అంతా పొలమే, దాని మీద బతికే రైతులే. అందుకే లోపలి స్థలాలను ముందు పిండుకోవాలని గట్టిగా చెబుతున్నాం.

స్థలాలను ఇప్పుడే కట్టగలిగేవి, ఐదేళ్లలో సిద్ధమయ్యేవి, ఆ తర్వాతవి అని మూడు వరసలుగా పెట్టండి. అమ్మని యజమానులు, తెగని కేసులు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి అవసరానికి పైన 15 నుంచి 20 శాతం అదనంగా చూపండి.

నీళ్లు, వరద

ఇళ్ల సంఖ్యతో నీళ్ల లెక్క వేయకండి. కొత్త ఇళ్లు 13,200 అయినా పెరిగే జనం 24,000 మందే. తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున 32.4 లక్షల లీటర్లు. మురుగు కనెక్షన్లు మాత్రం ఇళ్లను బట్టి పెరుగుతాయి. ఈ రెండూ కలగలిపితే ట్యాంకు పెద్దదవుతుంది, పైపులు చాలవు.

వందేళ్లకోసారి వచ్చే వరద అన్న మాట జనాన్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఏటా 1 శాతం అవకాశం అని అర్థం. 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. ఒక గృహరుణం తీరేలోపు నాలుగిట ఒక వంతు ప్రమాదం! ఆ వరద చేరే హద్దు లోపల కొత్త నివాస జోను పెట్టకూడదు.

ముసాయిదా, అభ్యంతరాలు

తన ప్లాట్ ఎక్కడుందో తెలియని మ్యాప్ చూపిస్తే ఎవరూ నమ్మరు. వార్డు మ్యాప్‌లు 1:2,000 స్కేలులో (మ్యాప్‌లో 1 సెంటీమీటరు నేల మీద 20 మీటర్లు), ప్లాట్ నంబర్లతో అతికించండి. వీటిలో ఆ ముసాయిదాకు ముందు వదిలేసిన రెండు ప్రత్యామ్నాయాలు కూడా ఉండాలి, వాటిని ఎందుకు వదిలేశారో రాయండి. హాలు మీటింగుకు సొంతిళ్లవాళ్లే వస్తారు. అద్దెకుండేవాళ్ల మాట వినాలంటే పని ముగిసే వేళ బజార్లకూ బస్టాండుకూ వెళ్లాలి.

ప్రతి అభ్యంతరానికీ నంబరు, ప్లాట్ వివరం, మ్యాప్‌లో చుక్క, రాతపూర్వక జవాబు ఉండాలి. ఒకే రోడ్డు మీద చుక్కలు గుంపుగా పడితే జవాబు రాయడం ఆపి ఆ రోడ్డు గీతను మళ్లీ కొలిపించండి.

ఆమోదం, ఆ తర్వాత

ప్లాన్, జోనింగ్ నిబంధనలు ఒకే సమావేశంలో తీర్మానం కావాలి. నిబంధనలు తర్వాత చూద్దామంటే ప్లాన్ నాలుగంతస్తులంటుంది, అనుమతి కౌంటర్లో పాత రెండంతస్తుల రూలే నడుస్తుంది. ఆ మధ్యలో వచ్చిన దరఖాస్తులన్నీ వివాదాలవుతాయి.

ప్రతి పనికీ బాధ్యుడు, గడువు, డబ్బు ఎక్కడి నుంచన్నది పట్టికగా జతచేయండి. ఏటా ప్రాంతాల వారీగా ఇళ్లు లెక్కపెట్టండి. ఇచ్చిన అనుమతులను కాదు, మనుషులు చేరిన ఇళ్లను. కూల్చినవి తీసేయండి. మూడేళ్లలో 1,980 రావాల్సి ఉండగా 1,400 దాటకపోతే ఐదేళ్ల సమీక్ష దాకా ఆగకుండా, ఇప్పుడే కట్టగలిగేవి అన్న వరసలోని స్థలాలకు ఒక్కొక్కదానికీ వెళ్లి ఏది అడ్డుపడుతోందో రాసుకుని, ఆ నిబంధననో ఆ పైపు లైనునో ముందు సరిచేయండి.